పట్టా కన్నా పట్టణం మిన్న

ఉన్నత విద్య గురించి మేధావులు ఎన్ని గ్రంథాలు రాసినా ఒక్క సంగతి మాత్రం ఎవరూ బయటపెట్టరు. పద్దెనిమిదేళ్ల మనిషి విశ్వవిద్యాలయాన్ని ఎంచుకోడు, ఊరిని ఎంచుకుంటాడు. ఆ ఊళ్లో ఒక విశ్వవిద్యాలయం కూడా ఉంటే ఇంట్లోవాళ్లకూ, వీసా అధికారికీ చెప్పుకోవడానికి వీలుగా ఉంటుంది. అందరికీ తెలిసిన ఈ నిజాన్ని దాచడానికి లోకం పడుతున్న శ్రమ చూసి మనసు కరిగి, ఇకనైనా దీన్ని బాహాటంగా విద్యా విధానంగా ప్రకటించాలని కోరుతూ ఈ నాలుగు మాటలు రాస్తున్నాను.

దాపరికం మొదలయ్యేది ఎస్‌ఓపీ దగ్గర, అంటే ఈ చదువే, ఇక్కడే ఎందుకో చెబుతూ దరఖాస్తుతో పాటు అభ్యర్థి రాసిచ్చే వ్యాసం దగ్గర. కల్పనా సాహిత్యంలో కథ, నవలల సరసన దీనికీ ఒక పీట వేయాలని నా అభిప్రాయం. “మీ విశ్వవిద్యాలయంలో డేటా సైన్స్‌పై జరుగుతున్న పరిశోధన నన్ను చిన్ననాటి నుంచే ఆకర్షించింది” అని అభ్యర్థి రాస్తాడు. ఏడేళ్ల వయసులో ఆ ఆకర్షణ ఏ రూపంలో ఉండేదో ఎవరూ అడగరు. తర్వాత ఒక ఆచార్యుడి పేరు, ఆయన పరిశోధన పత్రం శీర్షిక, శీర్షిక దాటి ఒక్క వాక్యమూ చదవలేదని చాటిచెప్పే రెండు పొగడ్తలు. అదే అభ్యర్థి రాత్రి ఒంటిగంటకు ఫోనులో ఏం వెతికాడో చూడండి. ఆ ఊరికి సముద్రం ఎంత దూరం? మంచు ఎన్ని నెలలు కురుస్తుంది? వారాంతంలో పక్క దేశానికి రైలు ఉందా? ఊళ్లో ఫొటోలు ఎక్కడ బాగా వస్తాయి? పాఠ్యాంశాల పేజీ కూడా తెరిచాడు, కాదనను. తరగతులు వారానికి ఎన్ని రోజులో చూసుకుని మూసేశాడు.

ఈ విషయంలో విశ్వవిద్యాలయాలే నయం. వాటి బ్రోషర్లు ఒకసారి తిరగేయండి. అట్ట మీద నది, నది మీద వంతెన, వంతెన మీద సాయంసంధ్య. లోపలి పేజీలో పచ్చిక మీద నలుగురు విద్యార్థులు, ఖండానికి ఒకరు చొప్పున కూర్చుని, ఒకే పుస్తకంలోకి చూస్తూ పగలబడి నవ్వుతుంటారు. అది ఏ పుస్తకమో కనబడదు. థర్మోడైనమిక్స్ చదువుతూ అలా నవ్వినవారిని నేనైతే చూడలేదు. ప్రయోగశాల ఫొటో కూడా ఒకటి వేస్తారు. అందులో కిటికీ అవతలి ఊరు స్పష్టంగానూ, బల్ల మీది మైక్రోస్కోపు మసకగానూ ఉంటాయి. ఇంతకన్నా నిజాయితీగా ఎవరు చెబుతారు?

ఊరి భోగాన్ని కొలిచే శాస్త్రం కూడా తయారైంది. విశ్వవిద్యాలయాలకు ర్యాంకులిచ్చే క్యూఎస్ సంస్థ 2012 నుంచి ఉత్తమ విద్యార్థి నగరాల జాబితా విడుదల చేస్తోంది. మొదటి జాబితాలో పారిస్‌ది అగ్రస్థానం. తర్వాత ఏళ్ల తరబడి లండన్ ఆ పీఠం దిగలేదు. 2026 జాబితాలో సియోల్ దించింది. విశ్వవిద్యాలయాల స్థాయి, ఖర్చులు, ఉద్యోగావకాశాలు, విద్యార్థుల అభిప్రాయాలతో పాటు ఊరి ఆకర్షణకూ ఇందులో మార్కులుంటాయి. ఖర్చుల లెక్కలో బాగా అడుగున ఉంటూనే లండన్ మొత్తం మీద పైన కూర్చోగలగడం విద్యార్థి లోకపు ఉదారతకు నిదర్శనం. ఇంకో నిబంధన నాకు మరీ నచ్చింది. జాబితాలోకి రావాలంటే ఊరి జనాభా 2.5 లక్షలు దాటాలి. ఆక్స్‌ఫర్డ్ జనాభా సుమారు 1.6 లక్షలు. 900 ఏళ్లుగా చదువు చెప్పుకుంటూ కూర్చున్నారు గానీ, జనాభా పెంచుకోవాలన్న ధ్యాసే లేకపోయింది.

ఇదంతా ఈ తరం చెడిపోయిందనడానికి సాక్ష్యమని పెద్దలు సంబరపడనక్కర్లేదు. ఊరు కుదరకపోతే చదువు సాగదన్న జ్ఞానం మధ్యయుగం నాటికే పండిపోయింది. 1209లో ఒక హత్య జరిగితే ఆక్స్‌ఫర్డ్ జనం విద్యార్థులను పట్టుకుని ఉరితీశారు. మిగిలినవారిలో కొందరు ప్రాణాలు అరచేత పట్టుకుని వెళ్లి తేలిన ఊరు కేంబ్రిడ్జ్. 1222లో ఇటలీలోని బొలోనాలో పొసగని విద్యార్థులు, ఆచార్యులు కొందరు మూటాముల్లె సర్దుకుని పాదువా చేరారు. అక్కడా ఒక విశ్వవిద్యాలయం లేచింది. 1229లో పారిస్‌లో మద్యం అంగడి దగ్గర బాకీ తగాదా ముదిరి, వీధుల్లో విద్యార్థుల శవాలు పడ్డాయి. దాంతో విశ్వవిద్యాలయం రెండేళ్ల పాటు పాఠాలు మానేసింది. ఇదే అదనుగా ఇంగ్లండ్ రాజు మూడో హెన్రీ, మా రాజ్యానికి రండి, మీకు నచ్చిన ఊళ్లో స్థిరపడండి అని వారికి కబురు పంపాడు. నచ్చిన ఊరు అన్నాడే గానీ నచ్చిన కోర్సు అనలేదు. రాజన్నవాడికి ఆ మాత్రం లోకజ్ఞానం ఉండాలి.

అన్నిటికన్నా గొప్ప ఘట్టం మళ్లీ ఆక్స్‌ఫర్డ్‌లోనే, 1355 ఫిబ్రవరి 10న జరిగింది. స్విండిల్‌స్టాక్ అనే మద్యశాలలో విద్యార్థులు వైన్ బాగాలేదన్నారు. యజమాని పెడసరంగా బదులిచ్చాడు. వైన్ పాత్ర అతని తలకు తగిలింది. ఊళ్లో ఒక చర్చి గంట, విశ్వవిద్యాలయంలో ఒక చర్చి గంట పోటాపోటీగా మోగి, ఇరుపక్షాలూ విల్లంబులతో వీధికెక్కాయి. అల్లర్లు చల్లారేసరికి 63 మంది విద్యార్థులు, 30 మంది దాకా ఊరివాళ్లు పోయారు. శిక్షగా ఊరి మేయరు ఏటా ప్రార్థనకు హాజరై, పోయిన విద్యార్థికి ఒక్క పెన్నీ చొప్పున 63 పెన్నీలు చెల్లించాలన్నారు. ఆ తంతు 1825లో ఒక మేయరు ససేమిరా అనేదాకా నడిచింది. నగర వసతులపై విద్యార్థుల అభిప్రాయాన్ని అంత శ్రద్ధగా నమోదు చేసిన ఊరు మరొకటి లేదు. నేటి పిల్లలు సౌమ్యులు, ఒక్క నక్షత్రం ఇచ్చి ఊరుకుంటున్నారు.

విద్యార్థి మనసు తెలిసిన విశ్వవిద్యాలయాలు ఇప్పుడు తామే కదిలి వస్తున్నాయి. ఇంగ్లండ్ ఈశాన్య తీరాన సండర్లాండ్ అనే ఊరుంది. ఆ ఊరి విశ్వవిద్యాలయం రాజధానిలో ఒక ప్రాంగణం తెరిచి, ‘యూనివర్సిటీ ఆఫ్ సండర్లాండ్ ఇన్ లండన్’ అని పేరు పెట్టింది. ఇక్కడ భూగోళశాస్త్రం చేతులెత్తేస్తుంది. వార్విక్ విశ్వవిద్యాలయం ఉండేది కొవెంట్రీలో. కొవెంట్రీ విశ్వవిద్యాలయానికి లండన్‌లో ప్రాంగణాలున్నాయి. లండన్ విశ్వవిద్యాలయంలో భాగమైన రాయల్ హాలోవే ఏమో లండన్ నడిబొడ్డుకు సుమారు 30 కిలోమీటర్ల అవతల ఎగమ్‌లో ఉంది. పారిస్-సాక్లే విశ్వవిద్యాలయం పేరులోని మొదటి సగం చూసి మురిసినవారు, రెండో సగంలో, అంటే పారిస్‌కు 20 కిలోమీటర్ల దక్షిణాన ఒక పీఠభూమి మీద, చదువుకోవాల్సి ఉంటుంది.

ఇంత పట్టుబట్టి ఎంచుకున్న ఊళ్లో విద్యార్థి గడిపే జీవితం సంగతి బ్రోషర్లలో రాయకపోవడం వాటి మర్యాద. పర్యాటకుడి కళ్లతో ఊరిని ఎంచుకున్నవాడు అక్కడ అద్దెదారుడిగా బతకాలి. వంతెన ఉన్న వీధిలో అద్దె కట్టగలిగేది బ్యాంకు అధికారులు. విద్యార్థికి దొరికే గది రెండు బస్సులు మారితే వస్తుంది. కిటికీ తెరిస్తే పక్క భవనం గోడ, ఆ గోడకు ఒక ఏసీ యంత్రం. వంటగదిలో ఐదుగురికి ఒక ఫ్రిజ్, అందులో ప్రతి సీసా మీదా పేరు రాసిన కాగితం, ఏ సీసాలోనూ సగానికి మించి లేని పాలు. చదువు, అద్దె కోసం చేసే ఉద్యోగం, నిద్ర, వీటి మధ్య నగరం ఎక్కడుందంటే బస్సు అద్దంలోంచి ఉంది. ఆ గదైనా దొరికితే అదృష్టం. 2022లో ఇళ్ల కొరత ముదిరినప్పుడు ఆమ్‌స్టర్‌డామ్ విశ్వవిద్యాలయం వంటివి, ఉండటానికి చోటు దొరక్కపోతే అసలు రావద్దని విదేశీ విద్యార్థులకు చెప్పేశాయి. సీటు ఇచ్చాం, కుర్చీ వేసుకోవడానికి చోటు మాత్రం మీరే చూసుకోండి అన్నమాట.

నైట్‌లైఫ్ కోసమే వెళ్లేవారికి నా దగ్గర మేలైన సలహా ఒకటుంది. నార్వే ఉత్తరాన ట్రోమ్సోలో విశ్వవిద్యాలయం ఉంది. అక్కడ నవంబరు చివరి నుంచి జనవరి మధ్య దాకా సూర్యుడు ఉదయించడు. ఒక్క రాత్రికి ఇంత నిడివి ఇచ్చే ఊరు లండన్, పారిస్‌లలో వెతికినా దొరకదు.

ఊరి సందడిని పట్టించుకోకపోతే ఎంత ప్రమాదమో గోటింగెన్‌ను చూస్తే తెలుస్తుంది. జర్మనీలో ఒక చిన్న ఊరు అది. గణిత దిగ్గజం గాస్ 1807లో అక్కడి ఖగోళ వేధశాలకు అధిపతిగా వచ్చి, 1855లో కన్నుమూసేదాకా కదల్లేదు. రీమాన్ అక్కడే చదివి అక్కడే పాఠాలు చెప్పాడు. హిల్బర్ట్ 1895లో వచ్చి చివరిదాకా ఉండిపోయాడు. చేయడానికి మరో పని లేక కాబోలు, ఒకరి తర్వాత ఒకరు గణితం చేస్తూ పోయారు. ఫలితంగా ఆ ముగ్గురి సిద్ధాంతాలూ బట్టీ పట్టాల్సిన దుర్గతి నేటి విద్యార్థులకు పట్టింది. ఆ ఊరికి ఒక మెట్రో, రెండు సముద్ర తీరాలు ఉండి ఉంటే ఎంతమంది పరీక్ష గట్టెక్కేవారో.

వ్యంగ్యం కాసేపు పక్కన పెడితే, ఊరు నిజంగానే ముఖ్యం. రాత్రి పదికి గ్రంథాలయం మూసేశాక ఒక అమ్మాయి గదికి ఒంటరిగా నడిచి వెళ్లగలదా? ఆఖరి బస్సు ఎన్ని గంటలకు? జ్వరం వస్తే వైద్యుడి అపాయింట్‌మెంట్ ఎన్నాళ్లకు దొరుకుతుంది? ఊరి భాష రానివాడికి పార్ట్‌టైం పని ఇస్తారా? అద్దె ఒప్పందం మధ్యలో రద్దు చేసుకుంటే డిపాజిట్ తిరిగి వస్తుందా? నాలుగేళ్ల చదువును నిలబెట్టేవీ కూల్చేవీ ఇవే. ఇంత మంచి ప్రశ్నలు బ్రోషర్లలోకి ఎక్కవు. వీటికి ఫొటో బాగా రాదు.

కనుక నా ప్రతిపాదన సులువైనది. ఎస్‌ఓపీ స్థానంలో ఒక పేజీ దరఖాస్తు పెట్టాలి. మొదటి గడిలో ఊరి పేరు, రెండో గడిలో ఆ ఊరే ఎందుకో మూడు ముక్కల్లో, మూడో గడిలో ఖాళీ ఉంటే కోర్సు పేరు. ఆచార్యుల పొగడ్తలకు జాగా ఉండదు కాబట్టి వారి పరిశోధన పత్రాలు ఎవరు చదివారో ఎవరు చదవలేదో అన్న బెంగా వారికి తప్పుతుంది. దీనికి అధ్యాపక వర్గం నుంచి అభ్యంతరం వస్తుందని భయపడేవారు విశ్వవిద్యాలయాల ఉద్యోగ ప్రకటనలు చదవాలి. జీతం సంగతి “అర్హతను బట్టి” అని ఒక్క ముక్కలో తేల్చేసి, ఊళ్లోని సరస్సు గురించి, పిల్లల బడుల గురించి, గంట ప్రయాణంలో అందే కొండల గురించి రెండు పేరాలు రాస్తారు. విద్యార్థి ఎస్‌ఓపీలో చదువు మీద ఆసక్తి ఎంత నిజమో తేల్చి మార్కులు వేసేది ఆ రెండు పేరాలు చదివి వచ్చినవారే.