సరదాగా ఉండే పుస్తకం కావాలట!

కొత్త పాఠకులు పుట్టుకొస్తున్నారు. ఇన్నాళ్లూ 'ఈ తరం పుస్తకం ముట్టదు' అని సభల్లో బాధపడుతూ హాయిగా కాలం గడిపాం. ఇప్పుడు ముట్టుకుంటున్నారు. ముట్టుకుని ఊరుకున్నా బాగుండేది. 'భలే ఉంది, ఇలాంటిదే ఇంకోటి చెప్పండి' అంటున్నారు. మంత్రాలూ డ్రాగన్లూ ఉండే ఫాంటసీ నవలల విషయంలో ఈ ధోరణి మరీ ఆందోళనకరంగా ఉంది. బాధ్యత గల సీనియర్ పాఠకుడిగా నేను చూస్తూ ఊరుకోలేను.

మా మేనకోడలి సంగతే చూడండి. సాఫ్ట్‌వేర్ ఉద్యోగం, మాదాపూర్‌లో హాస్టల్. మొన్నటిదాకా ఆ పిల్ల చదివిన లావుపాటి పుస్తకం ఇంటర్ ఫిజిక్స్ గైడు. ఎవరో చేతిలో పెడితే 2023లో వచ్చిన 'ఫోర్త్ వింగ్' చదివింది. డ్రాగన్ల మీద స్వారీ నేర్పే యుద్ధ కళాశాల, అందులో కాస్త తగిలితే ఎముక విరిగే అమ్మాయి, ఆ అమ్మాయి చస్తే బాగుణ్ణని ఎదురుచూసే జనం, ఆ జనంలోనే ఒక అందగాడు. రాత్రి మొదలుపెట్టి, మర్నాడు ఆఫీసు మీటింగ్‌లో కెమెరా ఆపేసి మరీ ముగించింది. ఆ వెంటనే నాకు ఫోన్: "మావయ్యా, ఇలాంటివి ఇంకేమున్నాయి?"

ముందు అభిరుచులు విచారించాను. వింటున్నకొద్దీ నా బీపీ పెరిగింది. కథ త్వరగా మొదలవ్వాలట. అక్కడక్కడా నవ్వు రావాలట. ప్రేమ ఉంటే అభ్యంతరం లేదట. 'ఉంటేనే బాగుంటుంది' అని కూడా సిగ్గు లేకుండా అంది. పేర్లు నోరు తిరిగేలా ఉండాలట. కుక్కో గుర్రమో ఉంటే అది చివరిదాకా బతకాలట, మనుషులు పోతే పోనీ అట. అన్నిటికన్నా ఘోరం, కథ అయిపోవాలట! ఒక పుస్తకంలో మొదలైన కథ అదే పుస్తకంలో అయిపోవాలని కోరుకునే మనిషికి ఏ మొహం పెట్టుకుని ఫాంటసీ సూచించాలి?

ఫాంటసీ అంటే అంత తేలిగ్గా ఉందా? ముందు మ్యాపు ఉంటుంది. ఉత్తరాన మంచు కొండలు, దక్షిణాన ఎడారి, మధ్యలో ఎవరూ అడుగుపెట్టకూడని అడవి. అందరూ పోయేది అక్కడికే. మ్యాపు వెనకాల రాజవంశాల పట్టిక. ఆ తర్వాత ప్రోలాగ్, అంటే అసలు కథకి ముందుమాట లాంటి ఘట్టం. అందులో పరిచయమైన వాళ్లంతా ప్రోలాగ్ అయ్యేలోపే చస్తారు. దాన్ని దాటితే ఒక సత్రంలో ఇద్దరు ముసలివాళ్లు వెయ్యేళ్ల కిందటి యుద్ధం గురించి తాపీగా మాట్లాడుకుంటూ ఉంటారు. 'మొదటి 300 పేజీలు ఓర్చుకో, ఆ తర్వాత అందుకుంటుంది' అన్నది మా సీనియర్ల మూలమంత్రం. 300 పేజీల్లో మామూలు తెలుగు నవలైతే పెళ్లై, విడాకులై, మళ్లీ కలిసిపోవడం కూడా అయిపోతుంది కదా అని ఆ పిల్ల అడిగింది. పాఠకులకి లెక్కలు రాకూడదు.

కాబట్టి నా ధర్మం నేను నెరవేర్చాను. 'వీల్ ఆఫ్ టైమ్' చదవమన్నాను. 1990లో మొదలై 2013లో ముగిసింది. 14 సంపుటాలు, దాని ముందుకథ ఇంకొకటి అదనం. రాస్తున్న రాబర్ట్ జోర్డన్ 2007లో కన్నుమూస్తే, ఆయన వదిలివెళ్లిన నోట్స్ పట్టుకుని బ్రాండన్ శాండర్సన్ చివరి మూడు సంపుటాలు పూర్తిచేశాడు.

"రాసినాయనే పూర్తిచేయలేకపోయింది నేనెలా పూర్తిచేస్తాను మావయ్యా?" అంది.

చూశారా ఆ మాట! ఆంధ్రమహాభారతానికి వారసులం మనం. నన్నయ పదకొండో శతాబ్దంలో మొదలుపెట్టి అరణ్యపర్వం మధ్యలో ఆపేశాడు. తిక్కన వచ్చి, ఆ సగం పర్వం జోలికి పోకుండా విరాటపర్వం నుంచి అందుకున్నాడు. మధ్యలో మిగిలిన ముక్కని ఎర్రన పూరించేసరికి పద్నాలుగో శతాబ్దం వచ్చింది. ఈ లోపు ఎన్ని తరాల తెలుగువాళ్లు, పాండవులు అడవిలో ఉండగానే కాలం చేశారో! ఒక్కరైనా గొడవ చేశారా? అలాంటి జాతిలో పుట్టి, 'గేమ్ ఆఫ్ థ్రోన్స్' నవలలు రాస్తున్న జార్జ్ ఆర్.ఆర్. మార్టిన్ ఐదో భాగం 2011లో ఇచ్చి, ఆరోదానికి పదేళ్లు దాటించాడని అలుగుతారా? ఆయన నన్నయ బాటలో నడుస్తున్నాడు. తిక్కన, ఎర్రన వాళ్ల టైముకి వాళ్లు వస్తారు.

నా మాట మీద నమ్మకం కుదరక ఆ పిల్ల ఒక ఆదివారం ఆబిడ్స్ ఫుట్‌పాత్ మీద పాత పుస్తకాలు వెతకడానికి పోయింది. మూసిన షాపుల ముందు పరిచిన కుప్పల్లో ఫాంటసీ బాగానే ఉందట. అన్నీ మొదటి భాగాలే. ఇటుకంత పుస్తకం, వీపు మీద మడత గీతలు మాత్రం మొదటి పావు వరకే. ఆ పైనంతా నున్నగా, కొన్నరోజు ఎలా ఉందో అలాగే ఉంది. ఒకదాంట్లో 61వ పేజీ దగ్గర సిటీ బస్సు టికెట్ పెట్టి ఉంది. ఆ ప్రయాణికుడు ఏ స్టాపులో దిగిపోయాడో గానీ పుస్తకంలోకి మళ్లీ ఎక్కలేదు. ఇవన్నీ ఓడిన వీరుల గుర్తులు, చూసి చేతులెత్తి నమస్కరించాలి. తను మాత్రం, "అంటే ఎవరికీ నచ్చలేదన్నమాట" అని ఒక్క ముక్కలో తేల్చేసి, పక్కనున్న చెరుకు రసం బండి దగ్గరికి పోయింది.

మా మిత్రుడొకాయన కాస్త మెత్తటి మనిషి. శాండర్సన్ 2006లో రాసిన 'మిస్ట్‌బోర్న్' ఇచ్చాడు. అందులో లోహపు రజను మింగి కడుపులో మండిస్తే శక్తులు వస్తాయి. ఉక్కుతో లోహాన్ని నెట్టొచ్చు, ఇనుముతో లాగొచ్చు, తగరంతో చూపూ వినికిడీ పదునెక్కుతాయి. రజను అయిపోతే శక్తీ అయిపోతుంది. అంతా పద్దు ప్రకారం. జీఎస్టీ ఒక్కటే తక్కువ. ఈ నవల తనకి నచ్చింది. దొంగల ముఠా, పెద్ద దోపిడీ ప్లాను, వీధుల్లోంచి పైకెగిరి మిద్దెల మీద వాలే పిల్ల, ఇంకేం కావాలంది. "మరి మేజిక్ సిస్టమ్, అంటే ఆ శక్తుల నియమాల గురించి నీ అభిప్రాయం?" అని అడిగాను. "అదా, ఎగురుతుంది కదా!" అంది. మేం ఏళ్ల తరబడి పట్టికలు గీసుకుని వాదించుకుంటున్న అంశం అది.

ఇక్కడ ఒక రహస్యం బయటపెట్టక తప్పదు. పల్చగా ఉండి, చక్కగా ఉండి, అయిపోయే ఫాంటసీలు ఉన్నాయి. ఉర్సులా లె గ్విన్ 1968లో రాసిన 'ఎ విజర్డ్ ఆఫ్ ఎర్త్‌సీ' 200 పేజీలకి అటూ ఇటూగా ఉంటుంది. మేకలు కాచుకునే కుర్రాడు మంత్రవిద్య నేర్చి, గొప్పకు పోయి ఒక చీకటి నీడని లోకం మీదికి వదిలి, దాంతో దీవుల మధ్య పడవల్లో తంటాలు పడతాడు. టెర్రీ ప్రాట్చెట్ డిస్క్‌వరల్డ్ నవలలు 41 ఉన్నాయి గానీ ఎక్కడ మొదలుపెట్టినా కొంపేం మునగదు, కడుపుబ్బ నవ్వుకోవచ్చు. వీటిని కొత్తవాళ్లకి వెంటనే చెప్పకూడదని మాలో మాకు ఒప్పందం. చెబితే చదివేస్తారు. చదివేస్తే మనతో సమానంగా కూర్చుంటారు. ఆ తర్వాత 'నీకింకా ఆ స్థాయి రాలేదులే' అని ఎవరితో అనాలి?

అసలు ఈ అనర్థానికి బీజం 1936లోనే పడింది. ఆక్స్‌ఫర్డ్‌లో పాఠాలు చెప్పుకునే టోల్కీన్ తన పిల్లల కోసం అల్లిన కథ 'ది హాబిట్'. అది లండన్‌లో స్టాన్లీ అన్విన్ అనే ప్రచురణకర్త దగ్గరికి చేరింది. పిల్లల పుస్తకం బాగోగులు పిల్లలే చెప్పాలని ఆయన నమ్మకం. పదేళ్ల కొడుకు రేనర్ చేతికిచ్చాడు. ఫీజు ఒక షిల్లింగు. కుర్రాడు చదివి రిపోర్టు రాసిచ్చాడు: మ్యాపులు ఉంటాయి కాబట్టి బొమ్మలు అక్కర్లేదు, పుస్తకం బాగుంది, ఐదు నుంచి తొమ్మిదేళ్ల పిల్లలకి నచ్చుతుంది. అంతే. 1937లో పుస్తకం అచ్చయింది.

కథలో ఎల్ఫులనే మాయాజాతి భాషకి వ్యాకరణం ఎక్కడుందని ఆ కుర్రాడు నిలదీయలేదు. డ్రాగన్ అంత బంగారం మీద పడుకుంటే ఆ దేశ ఆర్థిక వ్యవస్థ ఏమవుతుందని అడగలేదు. బాగుందన్నాడు, షిల్లింగు జేబులో వేసుకున్నాడు. ఈనాటి ఫాంటసీ మహావృక్షమంతా ఆ ఒక్క 'బాగుంది' మీద నిలబడి ఉందంటే మాకు ఎంత నామోషీ! కాకపోతే ఒక్క విషయంలో వాణ్ణి మెచ్చుకోవాలి. తనకి పదేళ్లు నిండాయి గనక పుస్తకం తొమ్మిదేళ్ల లోపు వాళ్లకని తేల్చాడు. సీనియర్ లక్షణమంటే అదీ.

మన దగ్గర ఇంకో వర్గం ఉంది. 'ఇవన్నీ మనకి ఎప్పుడో ఉన్నాయి' అనే పెద్దలు. ఉన్నాయంటారే గానీ ఎక్కడున్నాయో, ఏది ముందు చదవాలో చెప్పరు. వీళ్లే చిన్నప్పుడు చందమామ సీరియల్ కోసం నెలనెలా వీధరుగు మీద కాపలా కాసినవాళ్లు. 'రాకాసిలోయ', 'పాతాళదుర్గం' రాసింది దాసరి సుబ్రహ్మణ్యం అని ఆ సీరియళ్ల మీద పేరు కూడా ఉండేది కాదు. ఎవరు రాశారని వీళ్లు అడగనూ లేదు. మాంత్రికుడు ఏం చేశాడో తెలిస్తే చాలనుకున్నారు. ఇప్పుడు అవే కళ్లకి జోడు తగిలించుకుని, పిల్లలు ఉబుసుపోక పుస్తకాలు చదువుతున్నారని వాపోతారు.

వాళ్లలో ఒకాయన నోరుజారి మా మేనకోడలితో 'కాశీమజిలీ కథలు' అన్నాడు. మధిర సుబ్బన్న దీక్షితులు గారి 12 భాగాల గ్రంథం. భాగాల సంఖ్య విని నేను మొదట సంతోషించాను. కథలోకి వెళ్తే తెలిసింది అసలు మోసం. మణిసిద్ధుడనే యతి కాలినడకన కాశీకి బయల్దేరాడు. తోడు కావాలి. పెద్దవాళ్లెవరూ రాకపోతే పశువుల కాపరి కుర్రాడొకడు వస్తానన్నాడు, షరతు మీద. దారిలో వాడు చూసి అడిగిన ప్రతి వింతకీ మజిలీలో కథ చెప్పాలి. చెప్పకపోయారో, అక్కణ్ణుంచే ఇంటికి. గంగాస్నానం, పుణ్యం, మోక్షం వాడికి అక్కర్లేదు. కథ కావాలి, అదీ ఈ పూటకి కావాలి. "ఈ అబ్బాయి నా టైపు" అంది మా పిల్ల.

ఆ యతి ఏం చేసి ఉండాలి? ముందు కాశీఖండం పూర్తిచేసి రమ్మనాలి. తర్వాత నోరు తిరగని పేర్లు ఓ యాభై అప్పగించుకోవాలి. మొదటి నాలుగు మజిలీలు ఓర్చుకో, ఐదో మజిలీ నుంచి అందుకుంటుందని గట్టిగా మందలించాలి. ఆయన ఇవేమీ చేయలేదు. వంట చేసుకుని తిని, వింతల వెనక కథ తెలిపే తన మణి తీసి చూసుకుని, ఆ కుర్రాడు అడిగిన కథ అడిగినట్టే మొదలుపెట్టాడు. గురుస్థానంలో ఉన్నవాళ్లే ఇంతకి దిగజారితే, ఇక మాలాంటి వాళ్ల మాట వినేదెవరు?