25 కిలోల క్యారియర్ గారికి

మహారాజశ్రీ సైకిల్ వెనక క్యారియర్ గారికి,

బాల్కనీలో కరివేపాకు కుండీ కింద మీరు క్షేమంగా ఉన్నారని తలుస్తాను. మొక్క ఎంత ఏపుగా పెరిగినా 25 కిలోలు దాటదు కాబట్టి మీ కొత్త ఉద్యోగానికి ఢోకా లేదు. మిమ్మల్ని సైకిల్ మీంచి ఎందుకు దించేశామో ఇంతవరకూ ఎవరూ చెప్పలేదు. నోటీసు ఇవ్వకుండా తీసేశారన్న మాట నాకొద్దు. అందుకే ఈ ఉత్తరం.

ఇక్కణ్ణుంచి 'నువ్వు' అంటాను. ఇన్నాళ్ళూ నీ బోల్టులు బిగించినవాడికి ఆ మాత్రం చనువుంటుంది.

గొడవంతా నీ పేరుతో వచ్చింది. మా ఇంట్లో నీ పేరుగలవాడు ఇంకొకడున్నాడు, నాలుగు గిన్నెల స్టీలువాడు. అన్నం, పప్పు, కూర, పెరుగు ఏది పెట్టినా ఎన్ని కిలోలని అడగకుండా మోస్తాడు. నువ్వూ ఆ వంశమే అనుకున్నాను. 25 కిలోలకు మించి పెట్టరాదని నీ అంచు మీద చిన్న ఇంగ్లిష్ అక్షరాల్లో అచ్చు పోసి ఉందన్న సంగతి నేను చూసుకోలేదు. మా ఆవిడ చూసింది. అదీ నీ మీద మొదటిసారి కూర్చోబోతూ.

"ఇది నాకా, కూరల సంచికా?" అంది.

"కంపెనీ వాళ్ళు అలాగే రాస్తారులే. దానికంటే ఎక్కువే ఆపుతుంది."

"ఎంత ఎక్కువ?"

ఆ ఆదివారం కారులోనే వెళ్ళాం.

నా కోరిక పెద్దదేమీ కాదు. మా ఇల్లు హైదరాబాద్ అత్తాపూర్‌లో. కాలనీ పేరు చెప్తే ఎవరికీ తెలియదు, పీవీ ఎక్స్‌ప్రెస్‌వే పిల్లర్ నంబరు చెప్తే మాత్రం ఎవరైనా వచ్చేస్తారు. 11 కిలోమీటర్లకు పైగా పొడుగున్న ఆ వంతెన ఎయిర్‌పోర్టుకు పోయేవాళ్ళది, కింది నీడ మాది. మెహిదీపట్నం రైతు బజారు ఇక్కడికి మూడు నాలుగు కిలోమీటర్లు. కారు తీస్తే ప్రయాణం కన్నా పార్కింగ్ వెతకడానికే ఎక్కువసేపు పడుతుంది, అదీ రెండు కిలోల టమాటాల కోసం. లాక్‌డౌన్‌లో మోజుపడి కొన్న 21 గేర్ల సైకిల్ సెల్లార్‌లో దుమ్ము పట్టి ఉంది. ఇద్దరం దాని మీదే పోతే పోలా అనుకున్నాను.

మా నాన్న ఇలాంటి కోరిక కోసం ఒక్క బోల్టు కూడా మార్పించలేదు. ఆయన 22 అంగుళాల ఫ్రేము నల్ల సైకిల్ కడ్డీ మీద నేను, వెనక ఒక పక్కకు తిరిగి అమ్మ, అమ్మ ఒళ్ళో చెల్లి. ఆ క్యారియర్ నీకు తాత వరస. వేలి మందం ఇనుప ఊచలు, ఎలుకల బోనుకు ఉండేలాంటి స్ప్రింగు. బరువు గురించి దాని మీద ఏమీ రాసి ఉండేది కాదు. డబుల్స్ పోతే పోలీసు పట్టుకుని ముందు టైర్లో గాలి తీసేస్తాడని భయం. అందుకని చౌరస్తా ఇంకా రాకముందే అమ్మ దిగేది. నాన్న ఎవరో తనకు తెలియనట్టు పోలీసు ముందు నుంచి నడిచి వెళ్ళి, అవతల పరిగెత్తి మళ్ళీ ఎక్కేది. కదిలే సైకిల్ మీదికి, చీరలో, చంకలో పిల్లతో. ఇదంతా మా ఆవిడకు ఆదర్శంగా చెప్పి చూశాను.

"నేను రన్నింగ్ బస్సే ఎక్కను," అంది.

సరే, నీ 25 కిలోల లెక్క చూద్దాం. నిండు గ్యాస్ బండ దాదాపు 30 కిలోలు; లోపల గ్యాస్ 14.2 కిలోలు, మిగతాదంతా ఇనుమే. కాబట్టి అది నీకు పడదు. పోనీ బియ్యం బస్తా. ఒకప్పుడు అచ్చంగా 25 కిలోలుండేది, నీ కొలతకే కుట్టించినట్టు. 2022 జూలైలో, 25 కిలోల దాకా ప్యాక్ చేసిన బియ్యానికి 5 శాతం జీఎస్టీ పడింది. మిల్లుల వాళ్ళు బస్తాలో ఇంకో కిలో పోసి 26 చేసేశారు. 25 దాటితే పన్ను లేదు, 25 దాటితే నీ పూచీ కూడా లేదు. ఢిల్లీలో ఎవరో కిలో తేడాతో నీకూ మాకూ పేచీ పెట్టారు. ఇక మిగిలింది 20 లీటర్ల నీళ్ళ క్యాను. బరువు సరిపోతుంది గానీ, గుండ్రటిది, నీ మీద నిలవక దొర్లిపోతుంది. ఇంతకీ నువ్వు పుట్టింది దేనికి?

మా గల్లీ మిస్త్రీ నిన్ను రెండు వేళ్ళతో పట్టుకుని అటూ ఇటూ ఊపి నవ్వాడు. "సార్, ఇది అల్యూమినియం. ఇనుమైతే వంగి చెప్తది. ఇది చెప్పకుండ ఇరుగుతది. మా దగ్గర దీనికి వెల్డింగ్ పడదు." తర్వాత చెవి మీది పెన్సిల్ తీసి అడిగాడు. "భాభీ వజన్ ఎంత?"

అంత ధైర్యంగా ఆ మాట అడిగిన మనిషిని నేను మళ్ళీ చూడలేదు. ఇంటికి ఫోన్ చేశాను.

"నా బరువు ఆధార్ కార్డులో కూడా లేదు. మీ మిస్త్రీకెందుకు?" అని పెట్టేసింది.

మిస్త్రీ కాసేపు ఆలోచించి, 'ఫుల్ సవారీ ఒకటి' అని రాసుకున్నాడు.

నీ ఉద్యోగం పోయింది ఆ రోజే. జుమ్మేరాత్ బజార్‌లో పాత నల్ల సైకిల్ క్యారియర్ ఒకటి దొరికింది. తుప్పు పట్టింది గానీ ఎత్తితే చెయ్యి లాగింది, అదే దాని అర్హత. 28 అంగుళాల చక్రం కోసం చేసినది, నాదేమో 26. మిస్త్రీ దాని కాళ్ళు కోసి, పట్టీలు అతికి, తెచ్చి ఇరుసుకు బిగించాడు.

మోటారు సైకిల్ వెనక కూర్చునేవాళ్ళకు ప్రభుత్వం మూడు వరాలిచ్చిందన్న సంగతి నీకు తెలియకపోవచ్చు. 1989 నాటి కేంద్ర మోటారు వాహనాల నిబంధనల్లో 123వది చూడు. పట్టుకోడానికి పిడి, కాళ్ళు పెట్టుకోడానికి ఫుట్‌రెస్ట్, బట్టలు చుట్టుకోకుండా వెనక చక్రాన్ని సగమైనా కప్పే అడ్డు. సైకిల్‌కు మోటారు లేదు కాబట్టి ఈ వరాలూ లేవు. మూడూ మా మిస్త్రీయే ప్రసాదించాడు. పిడికి పాత స్కూటర్‌ది వేశాడు. (అంతకుముందు నాన్న సైకిల్ మీద మేం సీటు కింది స్ప్రింగులు పట్టుకునేవాళ్ళం. గుంత వచ్చినప్పుడల్లా వేళ్ళు నలిగేవి. అయినా వదిలితే పడతాం కాబట్టి వదిలేవాళ్ళం కాదు.) చక్రానికి పనికిరాని కూలర్ జాలీ కోసి అడ్డం కట్టాడు. ఫుట్‌రెస్ట్ దగ్గర మాత్రం చిక్కు వచ్చింది. మడ్‌గార్డు కమ్మీలు, క్యారియర్ కాళ్ళు, నట్టు పోగా ఇరుసు మీద మర మిగల్లేదు. దాంతో పొడుగు ఇరుసు వేశాడు.

ట్రయల్‌కు వాచ్‌మన్ కూర్చున్నాడు. సెల్లార్‌లో ఒక రౌండు బాగానే వేశాం. రెండో రౌండులో ర్యాంప్ ఎక్కుతుంటే వెనక టప్పుమంది. ఇరుసు రెండు ముక్కలు.

"నేను లావని కాదు కద సార్?" అన్నాడు పాపం.

కాదు, తప్పు నా గేర్లది. వెనక ఏడు పళ్ళచక్రాల ఫ్రీవీల్ పట్టాలంటే కుడి పక్క బేరింగును బాగా లోపలికి నెట్టాలి. దాని అవతల ఇరుసు ఏ ఆసరా లేకుండా చాచిన చెయ్యిలా మిగులుతుంది. మనిషి బరువు పడి కుదుపు తగిలితే విరిగేది అక్కడే. నాన్న సైకిల్‌కు ఒక్క పళ్ళచక్రమే, కాబట్టి ఈ బాధ లేదు. 21 గేర్లని నేను చెప్పుకు తిరిగిన గొప్ప, ఇరుసుకు వచ్చేసరికి ఇలా తేలింది.

రెండో ఇరుసు వేశాక ఇంకో సంగతి బయటపడింది. వెనక మనిషి బరువు ఇరుసుకు అవతల పడితే ముందు చక్రం తేలిపోతుంది, హ్యాండిల్ పూనకం వచ్చినట్టు ఊగుతుంది. అమెరికాలో ఎక్స్‌ట్రాసైకిల్ అనే కంపెనీ దీనికి ఉపాయం కనిపెట్టింది. మామూలు సైకిల్‌కు ఒక చట్రం తగిలించి వెనక చక్రాన్ని సుమారు 15 అంగుళాలు వెనక్కి జరుపుతారు. అప్పుడు కూర్చున్న మనిషి రెండు చక్రాల మధ్యలోకి వస్తాడు. ఆ ఫొటో మిస్త్రీకి చూపించాను.

"చేస్తా సార్. మీ లిఫ్ట్ ఎంత పొడుగు?" అన్నాడు.

మాది నలుగురు పట్టే లిఫ్టు. సెల్లార్‌లో పెడితే ఆ పొడుగు సైకిల్ పక్కింటాయన కారు చోటులోకి పోతుంది, అంటే నేరుగా అసోసియేషన్ మీటింగుకు పోతుంది. అందుకని రెగ్జిన్ గద్దెను నా సీటుకు ఆనించి ముందుకు జరిపాడు. నేను దగ్గితే ఆవిడకు కుదుపు.

ఇంత అవస్థ దేనికి, ఔటర్ రింగ్ రోడ్డు పక్కన సైకిల్ ట్రాక్ ఉంది కదా అన్నాడు ఒక స్నేహితుడు. ఉంది. 2023 అక్టోబరు 1న ప్రారంభించారు. 23 కిలోమీటర్లు, నెత్తిన సోలార్ పలకల నీడ. వెళ్ళి చూశాను, అబద్ధమెందుకు, బాగుంది. జనం అక్కడికి సైకిళ్ళను కార్ల వెనక కట్టుకుని వస్తున్నారు. కారు వెనక సైకిల్‌ను మోసే ఆ సరంజామా పేరేమిటో తెలుసా? క్యారియర్! నీ తాత మనుషుల్ని మోశాడు, నువ్వు కుండీని మోస్తున్నావు, నీ తమ్ముడు సైకిల్‌నే మోస్తున్నాడు. రైతు బజారుకు పోయేవాడికి మాత్రం ఒక్క పలక నీడ లేదు.

మొన్న ఆదివారం పొద్దున ఆరింటికి బయల్దేరాం. ఆవిడ ముందే కూర్చుంది, నేను మొదటి గేర్లో వేసి తొక్కాను. వంకరటింకరగా పది గజాలు పోయాక సైకిల్ దారికొచ్చింది. గుడిమల్కాపూర్ పూల మార్కెట్ దగ్గర మల్లెల వాసన వచ్చింది. మాట్లాడేంత ఊపిరి నాకు లేదు గానీ, వెనక నుంచి ఆవిడ ఏదో కూనిరాగం తీస్తోంది. పక్కన ఆటో ఒకటి స్లో చేసి, "అన్నా, మీటర్ మీద వస్తవా?" అని అడిగి పోయింది. ఈ ఊళ్ళో ఆటో అతను ఆ మాట అనడం వినాలంటే సైకిల్ తొక్కాలన్నమాట.

చేరాం. ఇరుసు విరగలేదు. పుంటికూర, బీరకాయలు, టమాటాలు కొన్నాం. ఆవిడకు ఒక గుమ్మడికాయ నచ్చింది. బయటికొచ్చాక సంచుల్ని చూసింది, గద్దెను చూసింది, తడిసి ఒంటికి అంటుకున్న నా చొక్కాను చూసింది.

"కూరలు మీరు తెండి," అని అత్తాపూర్ వైపు బస్సెక్కింది. కిటికీలోంచి చూశాను. కండక్టరమ్మ ఆధార్ కార్డు చూసి జీరో టికెట్ ఇచ్చింది. బరువు అడగలేదు.

ఫుల్ సవారీ గద్దె మీద గుమ్మడికాయను కూర్చోబెట్టి, పాత స్కూటర్ పిడికి తాడేసి కట్టి ఇంటికి తెచ్చాను. తూచాను కూడా. ఆరున్నర కిలోలు. నువ్వే మోసేవాడివి.

ఇట్లు,
ముందు సీటు మీదివాడు