మొబైల్ ఫ్లాష్‌లైటు గారికి, రుషికుల్య ఒడ్డు నుంచి

మహారాజశ్రీ ఫ్లాష్‌లైటు గారి సముఖమునకు,

ఒడిశాలోని గంజాం జిల్లాలో, రుషికుల్య నది సముద్రంలో కలిసే మొగ దగ్గర రాత్రిపూట తాబేళ్ళను చూపించే బృందం రాసుకుంటున్న విన్నపం. ఫిబ్రవరి, మార్చి నెలల్లో ఆలివ్ రిడ్లే అనే సముద్ర తాబేళ్ళు గుడ్లు పెట్టడానికి సముద్రంలోంచి వస్తాయి. తమరు యజమాని జేబులోంచి వస్తారు. వాటిని ఎవరూ పిలవరు. తమరినీ ఎవరూ పిలవలేదు.

బరంపురంలో వ్యాను ఎక్కించేటప్పుడే చెప్తాం: ముదురు రంగు బట్టలు, పదిమందికి ఒక గైడు, అటవీశాఖ వాళ్ళు గీసిన హద్దు దాటకూడదు, ఫోను స్విచాఫ్. వెలుగంటూ ఉంటే గైడు చేతిలోని ఒక్క టార్చిదే. దాని మూతికి ఎర్ర జిలెటిన్ పేపరు మూడు మడతలు వేసి రబ్బరు బ్యాండు బిగిస్తాం. ఒక్క మడతైతే తెలుపు బయటికి కారిపోతుంది. ఎర్ర వెలుగు తాబేలు కంటికి అంతగా ఆనదు. అన్నీ విని అందరూ బుద్ధిగా తలూపుతారు.

చీకటికి మన కన్ను అలవాటు పడటానికి ఇరవై, ముప్పై నిమిషాలు పడుతుంది. ఆ తర్వాత చుక్కల వెలుగులోనే నురగ అంచున నల్లటి డిప్ప కదలడం కనిపిస్తుంది. సరిగ్గా అప్పుడే తమరి ప్రవేశం. "చెప్పులెక్కడ విడిచానో చూస్తున్నానండీ!" అంతే, పదిమంది కళ్ళూ మళ్ళీ మొదటికొస్తాయి. ఇక్కడి నోలియా జాలరుల్లో ఒకడైన గైడు గొంతు పెంచలేక, పళ్ళ సందునుంచి "ఆర్పండి బాబూ, ఆర్పండి" అని తెలుగులో ఒకసారి, ఒడియాలో ఒకసారి అంటాడు. తమరికి రెండూ రావు.

మనుషుల సంగతి పోనివ్వండి. నీళ్ళు వదిలి ఇసుక ఎక్కే తాబేలుకి బెదురెక్కువ. ఆ సమయంలో వెలుగు పడినా, ఎదురుగా మనిషి కదిలినా వెనక్కి తిరిగి వెళ్ళిపోతుంది. అందుకే అది పైకి పాకుతున్నంతసేపూ మేం కూర్చున్నచోటే ఉంటాం. తెల్లారాక ఒడ్డు మీద అరసున్నాలా ఒక జాడ కనిపిస్తుంది. ఎక్కింది, గుంత తవ్వలేదు, దిగిపోయింది. అలాంటి జాడ కనిపిస్తే మాకు ముందు గుర్తొచ్చేది తమరే.

బెదరకుండా నిలబడ్డ తాబేలు వెనక రెక్కలతో, ఒకటి మార్చి ఒకటి, ఇసుక తోడి మూరెడు లోతు గుంత చేస్తుంది. గుడ్లు దిగడం మొదలయ్యాక గైడు చెయ్యి ఊపుతాడు. అప్పుడు వెనకవైపు నుంచే, ఇద్దరిద్దరుగా, వంగి వెళ్ళాలి. నూటికి అటూ ఇటూగా గుడ్లు పెట్టి, ఇసుక కప్పి, ఒళ్ళు అటూ ఇటూ ఊపుతూ పొట్టతో దబదబా కొట్టి అణుస్తుంది. అంతా కలిపి దాదాపు గంట. నిజానికి చూడాల్సింది ఆ చివరి దబదబే. తమరు మాత్రం ముందుకెళ్ళి మొహం మీద పడతారు. కళ్ళలో నీళ్ళు దొరికితే "తల్లి ఏడుస్తోంది" అని రీలు. ఒంట్లో ఎక్కువైన ఉప్పును కంటి దగ్గరి గ్రంథి బయటికి తోస్తోందండీ, అంతే. ఏడవాల్సింది గైడు.

2024లో ఇక్కడికి తాబేళ్ళు గుంపులుగా రాలేదు, 2025లో ఆరు లక్షలకు పైగా వచ్చాయి. రానిదానికి తమరిని తప్పుపట్టం. అంత పెద్దరికం తమరికి ఇవ్వలేం.

నెలన్నర, రెండు నెలలకు పిల్లలు పైకొస్తాయి. వెలుగెక్కువున్న దిక్కుకే నడుస్తాయి. చీకటి ఒడ్డు మీద ఆ దిక్కు సముద్రమే. తమరు వెలిగితే తమరే సముద్రం. "దారి చూపిస్తున్నానండీ" అంటాడు తమరి యజమాని, పిల్లలన్నీ ఆయన కాళ్ళ చుట్టూ తిరుగుతుంటే. అలా అలిసిపోయి ఒడ్డునే ఉండిపోయినవాటి కోసం తెల్లారేసరికి కాకులూ కుక్కలూ సిద్ధం.

"నేను వెలగలేదు, కెమెరా ఆటోలో ఉంది" అన్న వాదన చెల్లదు. ఫోకస్ కోసం కొన్ని కెమెరాలు విసిరే నారింజ దీపమూ తమరి చుట్టమే. టైమెంతైందో చూడ్డానికి వెలిగించే స్క్రీను అయితే సొంత తమ్ముడు.

అయినా రావాలనే ఉంటే రండి. వ్యానులో డ్రైవరు సీటు కింద తమరి కోసం స్టీలు డబ్బా పెట్టించాం. మూత గట్టిది.

ఇట్లు,
ఎర్ర టార్చి వాళ్ళం