ప్రాణం దక్కింది సరే, చెయ్యి సంగతేంటి?

పలాసలో జీడిపిక్కలు కోసే ఆడవాళ్ల పని ఒకసారి దగ్గరగా చూడండి. ఒక చేత్తో పిక్కను కత్తి దగ్గర పెట్టాలి, రెండో చేత్తో పిడి లాగాలి. పొద్దుట్నుంచి సాయంత్రం దాకా అదే పని, కిలోల లెక్కన కూలి. అలాంటి మనిషికి రొమ్ము క్యాన్సర్ ఆపరేషన్ చేసి పంపించాక చెయ్యి భుజం దాటి లేవకపోతే, ఆ వైద్యం సగంలో ఆగిపోయినట్టే.

జబ్బు ముదిరాక వెళ్లేవాళ్లకు చేతిలోని ద్రవాన్ని వడకట్టే చంకలోని లింఫు గ్రంథులు కూడా తీసేయాల్సి వస్తుంది. అలా తీసినవాళ్లలో దాదాపు ఐదుగురిలో ఒకరికి చెయ్యి వాస్తుంది. ఒకటి రెండు గ్రంథులే తీసి పరీక్షించే పద్ధతిలో ఇది నూటికి ఐదారుగురే. వాపు వెంటనే రాకపోవచ్చు, ఏడాది రెండేళ్ల తర్వాత గాజులు ఎక్కడం లేదని బయటపడుతుంది. కొందరికి చంక నుంచి మోచేతి దాకా చర్మం కింద తాడు లాగినట్టు బిగుసుకుంటుంది. జడ వేసుకోలేరు, దండెం మీద బట్ట ఆరేయలేరు.

ఇంటికొచ్చాక అందరూ ఒకటే మాట: "ఆ చెయ్యి కదపకమ్మా, బరువు ఎత్తకు." ప్రేమతో చెప్పే ఈ మాటే భుజాన్ని బిగించేస్తోంది. ఇంగ్లండ్‌లో 392 మంది మీద జరిపి 2021లో ప్రచురించిన పరిశోధనలో, ఆపరేషన్ అయిన వారం పది రోజులకే ఫిజియోథెరపిస్టులు క్రమపద్ధతిలో వ్యాయామం మొదలుపెట్టించారు. ఏడాది తిరిగేసరికి వాళ్ల చేతులు మిగతావాళ్ల కంటే బాగా పనిచేశాయి. 2009లో అమెరికా పరిశోధకులు ఇంకా ముందుకెళ్లారు. అప్పటికే చెయ్యి వాచినవాళ్ల చేతనే మెల్లగా, పర్యవేక్షణలో బరువులు ఎత్తించారు. వాపు పెరగలేదు సరికదా, ముదరడం తగ్గింది. నాకు ఇది చాలా పెద్ద విషయంగా కనిపిస్తుంది. ఎందుకంటే ఉభాల్లో (వరినాట్లలో) వంగే మనిషికి, జనపనార మిల్లుకెళ్లే మనిషికి "ఇంక పని మానెయ్" అని చెప్పక్కర్లేదు. పనికి తగ్గట్టు చేతిని మళ్లీ తయారు చేయొచ్చు.

జాగ్రత్తలు వద్దని కాదు. వాచిన చేతికి చిన్న గాయమైనా చీము పట్టి జ్వరం రావచ్చు. జీడి తొక్కలోని నూనె మామూలు చర్మాన్నే కాల్చేస్తుంది. గ్లవ్స్ లేకుండా ఆ చేతిని పిక్కల్లో పెట్టనివ్వకూడదని ఎవరైనా చెబుతున్నారా?

ముందు ప్రాణం కాపాడాలి, చెయ్యి తర్వాత అంటారు కొందరు డాక్టర్లు. రోగుల రద్దీ చూస్తే ఆ మాటలో న్యాయం ఉంది. కానీ ఈ వ్యాయామాలకు గోడ, కర్ర, నేర్పే మనిషి చాలు. ఆపరేషన్ థియేటర్ టైమ్ ఒక్క నిమిషం పోదు.

అసలు చిక్కు ఇంకో చోట ఉంది. ఉత్తరాంధ్రలో పెద్ద జబ్బు అంటే విశాఖ బస్సే. ఇచ్ఛాపురం నుంచి అగనంపూడి క్యాన్సర్ ఆసుపత్రికి 200 కిలోమీటర్ల పైమాటే. ఆపరేషన్‌కి అప్పు చేసైనా వెళ్తారు, భుజం వ్యాయామానికి వెళ్తారా? ఉద్దానం కిడ్నీ బాధితులు ఏళ్ల తరబడి మొత్తుకుంటే 2023లో పలాసకు 200 పడకల ఆసుపత్రి వచ్చింది. చావులు లెక్కకొచ్చాయి కాబట్టి ఆ గొంతు వినిపించింది. పని చేయలేక ఇంట్లో కూర్చున్న ఆడదాని కూలి నష్టం ఏ లెక్కలోకీ రాదు. మన ఆరోగ్య విధానంలో నాకు కనబడే అతి పెద్ద లోపం ఇదే.

టెక్కలి, పలాస, రాజాం, బొబ్బిలి ఆసుపత్రుల్లో వారానికి ఒక రోజు వీళ్ల కోసం ఫిజియోథెరపిస్టును కూర్చోబెట్టాలి. బీపీ, షుగర్ చూడ్డానికి ఇంటికొచ్చే ఆరోగ్య కార్యకర్త టేపుతో రెండు చేతులూ కొలవాలి. రెండు సెంటీమీటర్ల తేడా కనిపిస్తే పెద్దాసుపత్రికి పంపాలి. వాపు అదుపు చేసేందుకు చేతికి వేసే బిగుతు తొడుగు, వ్యాయామం ఖర్చు ఆపరేషన్ ప్యాకేజీలోనే ఉండాలి. ఈ బడ్జెట్‌లోనే.