పన్నెండు నిమిషాల పండితులకో దండం

మా ఒడిశా బరంపురంలో తెలుగు పుస్తకం కావాలంటే ఎవరో ఒకరు శ్రీకాకుళమో విశాఖపట్నమో వెళ్లి మోసుకురావాలి. మా నలుగురికీ ఒకటే కాపీ. వంతులేసుకుని చదువుతాం, ఆదివారం మా డాబా మీద కొట్టుకుంటాం. ఈసారి గురజాడ నాటకం కన్యాశుల్కం.

నిన్న మా అత్తకొడుకు హైదరాబాదు నుంచి దిగాడు. కూర్చోకముందే తేల్చేశాడు: "గిరీశం అసలైన సంస్కర్త." ఏ పేజీలో కనిపించాడు బావా అంటే, పేజీ కాదట, పన్నెండు నిమిషాల వీడియో! అదీ కూరలు కొంటూ విన్నాడట. వితంతు వివాహాల మీద ఉపన్యాసాలు దంచుతూ అప్పులవాళ్లకి మొహం చాటేసి ఊరు దాటినవాడు సంస్కర్తయితే, మా వీధిలో చిట్టీలెత్తుకుపోయినవాడికి పద్మశ్రీ ఇవ్వాలి.

మా మేస్టారు అప్పుడే మంచి మాట ఎత్తారు. పెద్దమనుషులంతా ఆడపిల్లల్ని బేరమాడుతుంటే, నీతి మాత్రం వేశ్య మధురవాణి నోటెందుకు పెట్టారు గురజాడ అని. గంటసేపు నడవాల్సిన మాట. నడవనిస్తేగా!

నేను ఊరుకోలేక "అయితే ఏటంటావు?" అన్నాను. అంతే, పకపకా నవ్వు. "మీది ఒరియా తెలుగు కదూ!"

అదిగో, అక్కడ కాలింది. పెళ్లికెళ్లినా చావుకెళ్లినా ఇదే మాట. ఇక్కడివాళ్లకి మేం తెలెంగావాళ్లం, ఇచ్ఛాపురం దాటితే ఒరియావాళ్లం. గిడుగు రామమూర్తి పాఠాలు చెప్పింది ఎక్కడనుకున్నారు? పర్లాకిమిడిలో. జనం మాట్లాడే తెలుగే రాయండర్రా అని పండితులతో జీవితమంతా పోట్లాడినాయన. గురజాడకి విజయనగరంలో సహాధ్యాయి కూడా. 1936లో పర్లాకిమిడి ఒరిస్సాలో కలిస్తే, డెబ్బై దాటిన వయసులో ఇల్లూ వాకిలీ వదులుకుని రాజమండ్రి పోయాడు. ఏటా ఆగస్టు 29న ఆయన ఫొటోకి దండేసి స్టేటస్ పెట్టేదీ వీళ్లే, మా నోట 'ఏటి' వింటే ఇకిలించేదీ వీళ్లే. వీడియోలో చెప్పలేదేమో, ఆ నాటకం వాడుక మాటల్లోనే ఉంది మహానుభావా!

వెళ్తూ వెళ్తూ రెండు కట్టల అప్పడాలతోపాటు ఆ పుస్తకమూ అడిగాడు, తీరిగ్గా చదువుతాడట. అమ్మ పక్కనే ఉంది, కాదనలేకపోయాను. మూడేళ్ల కిందట పట్టుకెళ్లిందే ఇంకా వెనక్కి రాలేదు. మాలో చిన్నవాడికేమో ఇంకా రెండంకాలు మిగిలే ఉన్నాయి.