చెట్టునీడకు ఒక పాలసీ కావాలి

మన యూనివర్సిటీల్లో పార్కింగ్‌కు చోటు లేదని ఎవరన్నా అంటే నమ్మకండి. నెల్లూరు జిల్లా తీసుకున్నా, ఒంగోలు వైపు తీసుకున్నా, క్యాంపస్ అంటే ఊరి బయట చూపు ఆనినంత మేర ఖాళీ నేల. కారుకు కావాల్సింది రెండున్నర మీటర్ల వెడల్పు, ఐదు మీటర్ల పొడవు. తిప్పుకోవడానికి దారి వదిలినా ఎకరానికి 150 కార్లు సుఖంగా పడతాయి. అంత నేల ఉండి కూడా పొద్దున తొమ్మిదిన్నరకల్లా పీహెచ్‌డీలు చేసినవాళ్లు ఒకరి మీద ఒకరు హారన్లు కొట్టుకుంటున్నారంటే, గొడవ నేల కోసం కాదని గ్రహించాలి. నీడ కోసం.

ఇది గ్రహించకుండా పార్కింగ్ పాలసీ అంటూ సర్క్యులర్ల మీద సర్క్యులర్లు తీయడం వల్లే ఇన్ని అనర్థాలు. తెల్లగీతలు గీస్తారు, బాణం గుర్తులు వేస్తారు. రోహిణి కార్తెలో ఆ గీతల మధ్య పెట్టిన బండిని మధ్యాహ్నం రెండింటికి ఎక్కి చూడండి, పాలసీ ఎక్కడెక్కడ తగులుతుందో తెలుస్తుంది. అమ్మాయిలు స్కూటీ సీటు మీద సీసాలో నీళ్లు పోసి, అవి ఆరిపోయేలోపు రికార్డు పుస్తకం పరిచి కూర్చుంటారు. ఏడాది పొడవునా రాసిన ఆ రికార్డుకు ప్రాక్టికల్‌గా జరిగే ఉపయోగం అదొక్కటే.

ప్రస్తుతానికి నీడ పంపకం హోదాను బట్టి జరుగుతోంది. ఎక్కడా రాసి లేదు గానీ అందరికీ తెలుసు. పోర్టికో వీసీ గారిది. పక్కనే గొడుగు పట్టినట్టుండే నిద్రగన్నేరు రిజిస్ట్రార్ గారిది. వేపచెట్లు ప్రొఫెసర్లవి, కానుగలు అసోసియేట్లవి, గోడనీడ అసిస్టెంట్లది. అకడమిక్ కన్సల్టెంట్లకు కరెంటు స్తంభం నీడ ఇచ్చారు. అందులో బండి హ్యాండిల్ ఒక్కటే పడుతుంది. ఏడాదికోసారి రెన్యూవల్ చేయించుకునే ఉద్యోగానికి ఆ మాత్రం నీడ చాలదా? ఇక విద్యార్థులకు మిగిలింది సూర్యుడు. అది మాత్రం రిజర్వేషన్ లేకుండా అందరికీ సమానంగా ఇస్తున్నారు.

దీన్ని వెక్కిరించేవాళ్లకు ఒక మాట. అమెరికాలో బర్కిలీ యూనివర్సిటీ ఉంది. అక్కడ నోబెల్ బహుమతి వచ్చిన ప్రొఫెసర్లకు విడిగా పార్కింగ్ కేటాయించి ‘ఎన్‌ఎల్’ అని బోర్డు పెడతారు. ముందు బహుమతి, తర్వాత బోర్డు. మనం ఆ విషయంలో వాళ్లకంటే ఒక అడుగు ముందే ఉన్నాం. బోర్డు ఇప్పటికే పెట్టేశాం.

చిక్కల్లా సూర్యుడితోనే. ఆయనకు సర్క్యులర్ అందడం లేదు. పొద్దున చెట్టుకు పడమర పడిన నీడ మధ్యాహ్నం దాటాక తూర్పుకి పోతుంది. తొమ్మిదిన్నరకు నీడలో పెట్టిన సీనియర్ ప్రొఫెసర్ గారి కారు మూడింటికి ఎండలో మాడుతుంటే, అవతలి పక్క ఎండలో పెట్టిన ఎమ్మెస్సీ కుర్రాడి పల్సర్ చల్లగా ఉంటుంది. ఇది క్రమశిక్షణారాహిత్యం కాక మరేమిటి? అంతటితో ఆగిందా. మన జిల్లాల్లో డిసెంబరు మధ్యాహ్నం సూర్యుడు దక్షిణాన ఉంటాడు కాబట్టి చెట్టునీడ ఉత్తరానికి పడుతుంది. మే, జూన్, జూలై నెలల్లో నడినెత్తిన ఉంటూనే కాస్త ఉత్తరానికి జరుగుతాడు. ఉన్న కాస్త నీడా దక్షిణానికి పోతుంది. పేర్లు రాసిన రిజర్వుడు బోర్డులన్నీ డిసెంబరులో కొలతలు తీసి పాతినవే. వేసవిలో ఏ బోర్డు కింద చూసినా ఎండే. జాగ్రఫీ డిపార్టుమెంటు వాళ్లను అడిగి ఉంటే చెప్పేవాళ్లు గానీ, వాళ్లను అడిగితే చోటు కూడా ఇవ్వాల్సి వస్తుందని అడగలేదట.

క్రమశిక్షణ విషయంలో మన సెక్యూరిటీని మెచ్చుకోవాలి. 1988 నాటి మోటారు వాహనాల చట్టంలో 122వ సెక్షన్ ఉంది, బహిరంగ స్థలంలో అడ్డంగా బండి పెడితే తప్పు. 2019 సవరణ తర్వాత మొదటిసారికి 500 దాకా, మళ్లీ చేస్తే 1500 దాకా జరిమానా. క్యాంపస్ వాచ్‌మన్‌కు ఈ అధికారం లేదు. ఆయన దగ్గర ఉన్నదల్లా ఒక వేపపుల్ల. నో పార్కింగ్ బోర్డు ముందు బండి కనిపిస్తే చుట్టూ ఒకసారి చూసి, కింద కూర్చుని, వాల్వు మూత తీసి జేబులో వేసుకుంటాడు. పుల్లతో పిన్ను నొక్కితే బుస్సుమంటుంది. రెండో చక్రానికి కూడా అదే మర్యాద. చట్టం అమలైంది. ఇక ఆ బండి కదలదు. పంక్చర్ షాపు హైవే దాటి అవతల ఉంది కాబట్టి, పది నిమిషాల్లో వెళ్లిపోవాల్సిన బండి సాయంత్రం దాకా అదే నో పార్కింగ్‌లో ఉంటుంది. తీసేసిన వాల్వు మూతలు ఏమవుతున్నాయన్నది వేరే విచారణ.

చెట్లు ఇంకొన్ని నాటితే పోదా అని ఒక అమాయకుడు మీటింగ్‌లో అన్నాడు. మంచి మాటే అన్నారు పెద్దలు. అయితే చెట్టు పెరిగి కారుకు నీడనిచ్చే సరికి ఇప్పటి హెచ్‌ఓడీలంతా రిటైరవుతారు, ఆ నీడ ఎవరి హయాంలోకి వస్తుందో తెలియకుండా బడ్జెట్ ఎలా పెడతామన్నారు. మధ్యేమార్గంగా త్వరగా పెరుగుతుందని కోనోకార్పస్ నాటారు. నిజంగానే త్వరగా పెరిగింది. నిటారుగా, పైకి. దాని నీడలో సైకిల్ బెల్లు మాత్రం చల్లగా ఉంటోంది.

సైకిల్ అంటే గుర్తొచ్చింది. యూనివర్సిటీలకు గ్రేడ్లిచ్చే న్యాక్ వాళ్లు అడిగే వాటిలో వాహనాల రాకపోకలకు నియంత్రణ, సైకిళ్లు, బ్యాటరీ బండ్ల వాడకం, నడిచేవాళ్లకు దారి ఉంటాయి. బృందం వచ్చిన రోజు కార్లన్నీ హాస్టల్ వెనక్కి పోయాయి. ఒక ప్రొఫెసర్ గారు సైకిల్ పట్టుకుని నవ్వుతూ ఫొటో దిగారు. సైకిల్ చక్రాల్లో గాలి లేదు. వాచ్‌మన్‌కు ఫొటో సంగతి ఎవరూ చెప్పినట్టు లేదు.

ఇవన్నీ చూశాక మా ఊరి మార్గమే మేలనిపిస్తోంది. మొహర్రం రోజుల్లో నెల్లూరు బారాషహీద్ దర్గా దగ్గర, స్వర్ణాల చెరువులో దిగి జనం రొట్టెలు మార్చుకుంటారు. పెళ్లి రొట్టె, ఉద్యోగం రొట్టె, సొంతింటి రొట్టె, ఈమధ్య వీసా రొట్టె కూడా. కోరిక ఉన్నవాళ్లు పట్టుకుంటారు, తీరినవాళ్లు వచ్చి వదులుతారు. అక్కడ పార్కింగ్ రొట్టె ఒకటి మొదలుపెడితే మా స్టాఫంతా మోకాళ్ల లోతు నీళ్లలో నిలబడటానికి సిద్ధం. ఒకటే అనుమానం. నీడ దొరికినవాడు మరుసటి ఏడాది దాన్ని ఇంకొకడికి వదలడానికి వస్తాడా? ఉద్యోగం వచ్చినవాడు వస్తున్నాడు, పెళ్లయినవాడు సైతం వస్తున్నాడు. వేపచెట్టు దొరికినవాడి గురించి నేను పూచీ ఇవ్వలేను.

అందుకని పార్కింగ్ పాలసీ చూసే కమిటీకి నాదొక సూచన. క్లాసులకున్నట్టే ప్రతి చెట్టుకూ టైమ్‌టేబుల్ కట్టండి, ఫస్ట్ పీరియడ్ పడమర, లంచ్ తర్వాత తూర్పు, సెమిస్టర్‌కొకసారి ఉత్తర దక్షిణాలు మార్పు. ఇది తయారు చేయగలిగినవాడు క్యాంపస్‌లో ఒక్కడే ఉన్నాడు, తోటమాలి. ఆయన టీవీఎస్ ఎక్స్‌ఎల్ ఏ కాలంలో, ఏ గంటకు చూసినా నీడలోనే ఉంటుంది. పైన కాకుల్లేని కొమ్మ చూసి మరీ పెడతాడు, సీటు మీద రెట్ట మరక ఉండదు. ఆయన్ను కమిటీలో వేసి, పేరుతో బోర్డు ఇస్తామన్నారు.

“నాకు బోర్డొద్దు సార్” అన్నాడట. “బోర్డు పెడితే బండి ఆడే పెట్టాల గదా.”

ఇందులో ఏదో దురుద్దేశం ఉందని కమిటీకి అనుమానం వచ్చింది. ఎక్స్‌ఎల్ ఆగిన ప్రతి చోటా నో పార్కింగ్ బోర్డు పాతమని సిఫారసు చేసింది. పాతారు. ఇప్పుడు క్యాంపస్‌లో రోజంతా నీడ పట్టున ఉంటున్నవి ఆ బోర్డులే.