వేటగాడి చెవికి సైలెన్సర్ కావాలి

మాగ్జిమ్ మరతుపాకిని కనిపెట్టిన హైరమ్ మాగ్జిమ్ ఆ తుపాకుల మోతకే చెవిటివాడయ్యాడు. రైఫిల్ మోతను అణిచే సైలెన్సర్‌కు 1909లో పేటెంట్ పొందింది ఆయన కుమారుడే. అదే సూత్రాన్ని ఇంజిన్లకూ వర్తింపజేశాడు. ఇంజిన్‌కు బిగిస్తే మర్యాదైనది, రైఫిల్‌కు బిగిస్తే నేరస్థుడి సరంజామా ఎలా అయింది?

సైలెన్సర్ అన్న పేరే తప్పుదోవ పట్టిస్తోంది. నిజానికి అది నిశ్శబ్దాన్ని ఇవ్వదు. తూటా వెంట ఎగదన్నే వేడి వాయువులను చిన్న చిన్న గదుల్లోకి మళ్లించి, వ్యాకోచింపజేసి, చల్లార్చి వదులుతుంది. అంతే. వేట రైఫిల్ మోత దాదాపు 160 డెసిబెల్స్. 140 దాటితే ఒక్క పేలుడే చెవిని శాశ్వతంగా దెబ్బతీయగలదు. సైలెన్సర్ 30 డెసిబెల్స్ తగ్గించిందంటే చెవికి చేరే ధ్వనిశక్తి వెయ్యో వంతుకు పడిపోయినట్టే. లోపలి చెవిలో ధ్వనిని పసిగట్టే రోమకణాలు ఒకసారి చస్తే మళ్లీ మొలవవు. అందుకే ఈ 30 నాకు చాలా పెద్ద అంకె.

చెవుల్లో బిరడాలు పెట్టుకోవచ్చు కదా అంటారు. వేటగాడు చూపుతో ఎంత వేటాడతాడో వినికిడితోనూ అంతే వేటాడతాడు. ఎండుటాకుల మీద అడుగుల సవ్వడి వినాలని బిరడాలు తీసేస్తాడు, ఆ చెవులతోనే కాలుస్తాడు. పక్కనున్న కుక్కకైతే ఆ బిరడాలూ లేవు. పైగా సైలెన్సర్ రైఫిల్ వెనక్కి తన్నే వేగాన్ని తగ్గిస్తుంది. మోతకు, తన్నుకు జంకని చేయి గురి తప్పదు, జంతువు గాయంతో పారిపోయి కుమిలి చావదు.

దొంగ వేటగాళ్లకు ఇది వరమని ఒక అభ్యంతరం. ధ్వని కంటే రెండింతలకు మించిన వేగంతో గాలిని చీల్చుకుంటూ వెళ్లే తూటా చేసే చప్పుడును ఏ సైలెన్సరూ ఆపలేదు. అది దూరానికి వినిపిస్తూనే ఉంటుంది.

అసలు జబ్బు వేరే ఉంది. నెత్తురు కారని గాయాన్ని మనం గాయంగా లెక్కించం. మగ్గాల దగ్గర, బాయిలర్ల దగ్గర తరతరాలుగా చెవులు పోగొట్టుకున్న కార్మికులను వృత్తిలో అది మామూలేనని సరిపెట్టాం. వేటగాడి విషయంలోనూ అదే నిర్లక్ష్యం.

నార్వే, ఫిన్లాండ్ వేటగాళ్లకు సైలెన్సర్ మామూలు పరికరం. అమెరికా మాత్రం 1934లో దాన్ని మరతుపాకుల సరసన చేర్చి 200 డాలర్ల పన్ను వేసింది. 2026 జనవరి 1 నుంచి ఆ పన్ను సున్నా అయింది. వేలిముద్రలు, ఫోటో, నమోదు, అనుమతి కోసం ఎదురుచూపు అలాగే మిగిలాయి. రైఫిల్ కొనడం కంటే దాని మోత తగ్గించుకోవడం కష్టంగా ఉన్న ఆ చట్టాన్ని ఇప్పుడైనా సవరించాలి.